మిగులు పద్దు

జనవరి 7, మంగళవారం

పనులు: బట్టలు రెండు బకెట్లు. దుప్పట్లు నాలుగు మార్చడం. వంటింటి అరలు మూడు తుడవడం. మా ఆయనకీ నాకూ ఒక కూర, చెల్లికి ఉప్పు లేకుండా వేరే కూర. గిన్నెలు ఖాళీ చేయడం, తోమడం, మూడు పూటలు. చెల్లి మందుల డబ్బా వారానికి సరిపడా నింపడం. చెల్లికి కొలిచి పెట్టిన నీళ్లు 750 మిల్లీలీటర్లు. తాగింది 700. మిగిలిన 50 కిటికీలో మొక్కకి.

నాకు డైరీ అలవాటు లేదు. లెక్కల పుస్తకం ఉంది, పెళ్లయినప్పటి నుంచి. ఇప్పుడు నడుస్తున్నది ముప్పై ఒకటోది. కానీ తిన్నది ఫోన్లో రాయమన్నారు హాస్పిటల్ వాళ్లు, మనసులో ఉన్నది విడిగా ఒక పుస్తకంలో రాయమన్నారు. మనసులో ఉన్నదానికి లెక్కల పుస్తకంలో గడి లేదు. అందుకని ఇది.

నిన్న తేలింది. చెల్లికి నా కిడ్నీ పనికొస్తుంది. రక్తం కలిసింది, టిష్యూ కలిసింది. ఆయనదీ, మా అమ్మాయిదీ వేరే గ్రూపు. వెయిటింగ్ లిస్టులో చెల్లి నంబరు 411. అంటే ఇక నేనే.

కానీ ఈ బరువుతో నన్ను ఆపరేషన్ బల్ల ఎక్కించరట. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 81.4. అది 69కి దిగాలి. అంతకు మించి ఉంటే ఒక కిడ్నీ తీసేశాక రెండోది ఇంత ఒంటిని మోయలేదని కిడ్నీ డాక్టరు అన్నాడు. నాకు 69 అన్న అంకె నచ్చలేదు. 70 అయితే గుర్తుంచుకోవడానికి బాగుండేది అన్నాను. డాక్టరు నవ్వలేదు.

చెల్లిదీ ఒక అంకె ఉంది. గుండె పంపింగ్ 45. డయాలసిస్ చేసేకొద్దీ పడిపోతుందట. 30 కిందకి పడితే దాన్ని బల్ల ఎక్కించరు.

రెండూ దిగే అంకెలే. నాది తొందరగా దిగాలి, దానిది నెమ్మదిగా దిగాలి.


జనవరి 9, గురువారం, ఉదయం 10:20

మా అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చి ఫోన్లో యాప్ పెట్టింది. చేతికి నల్ల బ్యాండ్ కట్టింది. అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర లెక్కపెడుతుంది, గంటసేపు కూర్చుంటే లేవమని చెయ్యి గిల్లుతుంది. మా అత్తగారు బతికుండగా కూడా నన్ను ఇలా ఎవరూ లేపలేదు.

ఇరవై నాలుగు వారాల ప్రోగ్రాం. ప్రతి మంగళవారం పదకొండు గంటలకి కోచ్ ఫోన్ చేస్తుంది. తినేది ప్రతిదీ తూచి ఎక్కించాలి. రోజుకి 1250 క్యాలరీలు, అంతే. వంటింటి తక్కెడ ఒకటి కొన్నాం, గ్రాములతో సహా చూపిస్తుంది.

ఈ పని నాకు కొత్త కాదని మా అమ్మాయితో అన్నాను. మా నాన్న కిరాణా కొట్టులో లెక్కలు రాసేవాడు. నాకు ఆయన నేర్పినవి రెండే. ఒక సరుకు ఒక్కచోటే ఎక్కాలి. రాసింది చెరపకూడదు, తప్పయితే కింద ఇంకో వరస రాయాలి. పన్నెండు కిలోలేగా, తగ్గించేస్తాను అన్నాను.

మా అమ్మాయి నా వంక చూసి, అమ్మా, ఇది పప్పుల పద్దు కాదే అంది.


జనవరి 21, మంగళవారం

కోచ్ గొంతు చిన్నపిల్లది. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. మాటకి ముందు మేడం, మాటకి వెనక మేడం. నేను ఎక్కించిన పద్దులు చూసి ఆశ్చర్యపోయింది. మిగతావాళ్లు ఒక కప్పు అన్నం, కాస్త కూర అని రాస్తారట. నేను 118 గ్రాముల అన్నం, 64 గ్రాముల కూర అని రాశాను. మీలాంటి క్లయింటు నాకు ఇంతవరకు దొరకలేదు మేడం, సూపర్ అంది.

యాభై రెండేళ్లకి ఒకరు నన్ను సూపర్ అన్నారు. సంతోషించానని రాయడానికి సిగ్గుగా ఉంది. రాశాను.


జనవరి 28, మంగళవారం

80.1.


ఫిబ్రవరి 11, మంగళవారం

79.2. అడుగులు 6,340.

చెల్లి మంచం, కుట్టుమిషను ముందు గదిలో పక్కపక్కనే ఉంటాయి. కిందటేడు డయాలసిస్ మొదలయ్యాక బజారులో టైలరింగ్ షాపు మూసేసి, మిషనుతో సహా మా ఇంటికి వచ్చేసింది. దానికి నలభై ఆరు. పెళ్లి చేసుకోలేదు. కొలతలు తీసుకుని తీసుకుని మనుషుల మీద భ్రమలు పోయాయని చెబుతుంది.

సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. వెళ్లేముందు దాన్ని తూస్తారు, వచ్చేముందు తూస్తారు. మధ్యలో రెండు కిలోలకు మించి నీరు చేరకూడదు. ఈ ఇంట్లో పొద్దున్నే ఇద్దరం వరసగా బరువు మిషను ఎక్కుతున్నాం. నీది కొవ్వు, నాది నీళ్లు, బావదే అసలైన బరువు అంటుంది.

ఇవాళ నేను లెక్కలు రాస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఇవ్వాల్సినవి అన్న పేజీ తీయమంది. పైన మొదటి వరస దానిదే. "చెల్లి — రక్తం ఒక సీసా." మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు రక్తం పోయింది. అప్పటికి చెల్లికి ఇరవై. కాలేజీ నుంచి పరుగెత్తుకొచ్చి సీసా ఇచ్చింది. నేను బతికి ఇంటికొచ్చాక పుస్తకంలో రాశాను. పుస్తకం మారినప్పుడల్లా కొత్తదాంట్లోకి ఎత్తుకుంటూ వస్తున్నాను, ఇరవై ఆరేళ్లుగా. ఇంట్లో అందరికీ అదొక నవ్వులాట.

సీసా రక్తానికి కిడ్నీ ఏమిటే, నన్ను వడ్డీ వ్యాపారిని చేశావు అంది చెల్లి. ఇంత కష్టం ఎందుకు, "చెల్లి"కి గుడి తీసేసి కొమ్ము పెట్టు, "చెల్లు" అయిపోతుంది, బాకీ తీరిపోతుంది అంది.

అప్పుడు నీ పేరు ఎక్కడుంటుందే అన్నాను.

బాకీ తీరాక పేరుతో నీకేం పని అంది. దాని చేతిలో సుద్దముక్క ఉంది, గుడ్డ మీద గీసుకునే నీలం సుద్ద. లాక్కున్నాను.


ఫిబ్రవరి 25, మంగళవారం

79.3. పైకి పోయింది, వంద గ్రాములు. కోచ్ ఇది మామూలే మేడం, బరువు కొన్నాళ్లు కదలకుండా ఆగుతుంది, ప్లాటో అంటారు అంది. ఎన్నాళ్లుంటుంది అన్నాను. రెండు వారాలు, మూడు వారాలు అంది.


మార్చి 4, మంగళవారం

79.1.


మార్చి 9, ఆదివారం

ఆయన లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తారు. నిండు బండి తూస్తారు, ఖాళీ బండి తూస్తారు, తీసివేస్తే సరుకు. ఇవాళ కాటాకి సెలవు, కానీ తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. నా మొహం చూడలేక కాబోలు, పద నిన్ను నా కాటా మీద తూస్తానని తీసుకెళ్లారు.

అంత పెద్ద ఇనుప పలక మీద ఒక్కదాన్నే నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. గదిలోంచి ఆయన అరిచారు, ఎనభై అని. 79 కదా అన్నాను. ఈ కాటాకి పది కిలోల లోపు లెక్క లేదు, డెబ్భై అయిదు దాటితే ఎనభై, దానికి కిలో రెండు కిలోలు దుమ్ముతో సమానం అన్నారు. దాని లెక్కన జనవరి నుంచి ఇవాళ్టిదాకా నువ్వు ఎక్కడున్నావో అక్కడే ఉన్నావ్ అని నవ్వారు.

నన్ను నవ్వించాలనే అన్నారు. ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.


మార్చి 12, బుధవారం, మధ్యాహ్నం 1:10

చెల్లి గుండెకి స్కాన్ చేశారు. 40.

రెండు నెలల్లో అయిదు పడింది. నాది రెండున్నర కిలోలు కూడా దిగలేదు.


మార్చి 18, మంగళవారం

79.0. కోచ్ గొంతు మారింది. అన్నీ రాస్తున్నారా మేడం అని అడిగింది. ఏం అమ్మాయ్, నేను దొంగ లెక్కలు రాస్తున్నానా అన్నాను. అయ్యో అలా కాదు మేడం అంది. 1250 తింటూ ఏడువేల అడుగులు నడిచే మనిషి తగ్గకుండా ఉండటం లెక్కకి అందడం లేదు మేడం అంది.

ఫోన్ పెట్టేశాను. నా చేతిరాత మీద ఇంతవరకు ఎవరూ అనుమానపడలేదు. పన్నుల ఆఫీసు వాళ్లు కూడా.

చెల్లి వింది. పాపం ఆ పిల్ల మీద ఎందుకే ఎగురుతావు, ఆకలితో ఉన్నావు, ఏదైనా తిను అంది. తన గిన్నె ముందుకి తోసింది. సగం కూడా తినలేదు. డయాలసిస్ మనుషులకి తిండి చేదు.

గిన్నెలు తోమేసి పడుకున్నాను.


మార్చి 25, మంగళవారం, ఉదయం 11:50

వరసగా రాస్తాను.

పదకొండుకి కోచ్ చేసింది. పోయినసారి అన్నదానికి సారీ చెప్పింది. తిండి సంగతి పక్కన పెడదాం, పనులు చూద్దాం అంది. రోజంతా మీరు చేసే పనులు చదవండి మేడం, దేనికి ఎన్ని క్యాలరీలు ఖర్చో నేను వేస్తాను, ఎక్కడైనా పెంచవచ్చేమో చూద్దాం అంది.

ఈ పుస్తకం తీసి నిన్నటి పనులు చదివాను. బట్టలు రెండు బకెట్లు. 120 అంది. గదులు ఊడ్చి తుడవడం. 90 అంది. గిన్నెలు ఖాళీ చేయడం, తోమడం, మూడు పూటలు.

అటు నుంచి అంకె రాలేదు. లైను పోయిందేమోనని హలో అన్నాను. ఉన్నాను మేడం అంది. ఖాళీ చేయడం అంటే ఎక్కడికి ఖాళీ చేస్తారు అంది.

ఎక్కడికేమిటి, మా ఇంట్లో ఏదీ మిగలదు అన్నాను. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు, ఒక్క మెతుకు చెత్తబుట్టలో వేసి ఎరగను అన్నాను. గొప్పగానే అన్నాను.

ఆ అమ్మాయి చాలా మెల్లగా అడిగింది. అయితే మేడం, ఎవరి కడుపులో వేస్తున్నారు అని.

సింకు దగ్గర నిలబడి చెల్లి గిన్నెలో మిగిలింది తింటాను. ఆయన కంచంలో చివర ఎప్పుడూ నాలుగు ముద్దలు వదులుతారు, అదీ. రొట్టె అంచులు. గిన్నె అడుగున అంటిన కూర. పాలగిన్నెలో మీగడ, వేలితో. అప్పుడు నాకు ఆకలి ఉండదు, రుచి కూడా తెలియదు. అది తిండి అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. గిన్నె తోమడానికి ముందు చేసే పని అది.

పైగా అదంతా ముందే ఎక్కిన లెక్క. గిన్నెలో పెట్టినప్పుడే చెల్లి అన్నం చెల్లి పేరున రాశాను, ఆయనది ఆయన పేరున రాశాను. అదే అన్నం మళ్లీ నా పేరున ఎలా రాస్తాను? ఒక సరుకు ఒక్కచోటే ఎక్కాలి కదా.

కోచ్ తిట్టలేదు. రేపు ఒక్కరోజు తినకుండా తూచి చూడండి మేడం, అంతే అంది. సూపర్ అనలేదు.


మార్చి 26, బుధవారం

తూచాను.

పొద్దున: రొట్టె అంచులు 40 గ్రాములు, మీగడ ఒక చెంచా. మధ్యాహ్నం: చెల్లి అన్నం 95, చెల్లి కూర 50, ఆయన డబ్బాలో తిరిగొచ్చింది 60. సాయంత్రం: అన్నం 80, గిన్నె అడుగు కూర 45.

మొత్తం 610 క్యాలరీలు.

జనవరి 9 నుంచి నిన్నటికి 75 రోజులు. 75ని 610తో గుణించి, కిలోకి 7,700 చొప్పున భాగించాను. 5.9 కిలోలు.

మూడుసార్లు వేశాను. ప్రతిసారీ అదే వచ్చింది. నేను లెక్కలో తప్పు చేయను.


మార్చి 27, గురువారం

చెత్తబుట్టలో అన్నం వేశాను. మూత పెట్టి దాని మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాను. బ్యాండ్ గిల్లింది, కదలమని.


ఏప్రిల్ 15, మంగళవారం

76.7. మూడు వారాల్లో రెండు కిలోల మూడు వందలు. కోచ్ ఫోన్లో చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు నాకు చెంపల మీద పడ్డట్టుంది. కానీ ఆ పిల్ల తప్పేముంది.

ఆయనకి విషయం చెప్పాక కంచంలో మెతుకు వదలడం లేదు. వేలితో తుడిచి మరీ తింటున్నారు. చెల్లి మిగిల్చింది కూడా ఇటివ్వు అని లాక్కుంటున్నారు. నీ చేత పారబోయించడం నేను చూడలేను అన్నారు. నిన్న బెల్టు ఒక రంధ్రం వెనక్కి జరిగింది. ఇంటి మొత్తం బరువు ఏమీ తగ్గలేదు, చోటు మారిందంతే.

చెల్లికి చెప్పలేదు. ఆయన్నీ చెప్పనివ్వలేదు. నువ్వు మిగిల్చింది తినే నీకు ఆలస్యం చేశానే అని ఏ నోటితో చెప్పను?


మే 3, శనివారం

నా బరువు 74.7. చెల్లి గుండె 34.

డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు, ఇంకా హద్దులోనే ఉంది అన్నాడు. మీరు ఎంతలో ఉన్నారు అని అడిగాడు. చెప్పాను. వేగం పెంచండి అన్నాడు. బస్సు డ్రైవరుకి చెప్పినట్టు.

కోచ్‌ని అడిగాను, వెయ్యికి తగ్గించనా అని. వద్దు మేడం, నీరసపడి పడిపోతే డోనర్‌గా అసలే తీసుకోరు అంది. బతిమాలాను. వద్దంది. మొదటిసారి మేడం అనకుండా, వద్దండీ అంది.


మే 27, మంగళవారం

72.1. అడుగులు 9,800.

నా బట్టలన్నీ వదులయ్యాయి. చెల్లి నన్ను మిషను పక్కన నిలబెట్టి టేపుతో కొలిచింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతుంది, ఎప్పటి నుంచో అంతే. నడుము అయిదంగుళాలు తగ్గిందట. ఇలా పోతే బావ నిన్ను గుర్తుపట్టక వేరే సంబంధం అనుకుంటాడు అంది. అన్నీ బిగించి కుట్టింది. తొడుక్కుంటుంటే లోపల మడత చేతికి తగిలింది. తగ్గించిన గుడ్డ కత్తిరించలేదే అన్నాను. రెండంగుళాలు లోపల వదిలాను, మళ్లీ లావెక్కితే విప్పుకోవద్దూ అంది.

ఒక్కో జాకెట్టుకి అది రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది. చూడనట్టు గదిలో దుమ్ము దులిపాను.


జూన్ 10, మంగళవారం

70.5. ఇంకో కిలోన్నర. కోచ్ హాస్పిటల్ కోఆర్డినేటర్‌తో మాట్లాడి నెలాఖరుకి ఆపరేషన్ డేటు అడిగి పెట్టింది. 30వ తేదీ సోమవారం, ఉదయం ఏడు గంటలు. గోడ కేలెండరులో రాయబోయి ఆగాను. ఈ పుస్తకంలో రాస్తున్నాను.


జూన్ 13, శుక్రవారం, సాయంత్రం 5:30

డయాలసిస్ మధ్యలో చెల్లికి ఊపిరి ఆడలేదు. మిషను ఆపేశారు. పై అంతస్తులో పెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. వరండాలో కూర్చోలేక ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచాను. బ్యాండ్ వెలిగి ఇవాళ్టి అడుగులు పూర్తయ్యాయని అభినందించింది. విప్పి సంచిలో పడేశాను.


జూన్ 16, సోమవారం

26.

డాక్టరు నిలబడి కాదు, కూర్చుని చెప్పాడు. కూర్చున్నప్పుడే తెలిసింది. ఈ గుండె మత్తుమందు తట్టుకోదు అన్నాడు. మళ్లీ పెరగదా అన్నాను. మందులు ఇస్తాం, చూస్తాం, కానీ మీరు ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. డయాలసిస్ మాత్రం వేగం తగ్గించి చేస్తూ ఉంటారట. ఎన్నాళ్లు అని అడిగాను. నెలల్లో అనుకోండి అన్నాడు.

కోఆర్డినేటర్ వచ్చి 30వ తేదీ కొట్టేస్తున్నామంది. కొట్టేయడం అంటే ఏమిటో చూశాను. ఒక మీట నొక్కింది, అంతే.


జూన్ 17, మంగళవారం

పదకొండుకి కోచ్ చేసింది. ఆ పిల్లకి అప్పటికే తెలిసిపోయింది. నేనే, అమ్మాయ్, అన్నం తిన్నావా అన్నాను. అప్పుడు ఏడ్చింది. జనవరిలోనే నేను ఆ ప్రశ్న అడగాల్సింది మేడం అంది. ట్రైనింగులో అలాంటి ప్రశ్న లేదట.

ట్రైనింగులో లేకపోతే నువ్వేం చేస్తావులే అన్నాను. నా పుస్తకంలోనే లేదు.

ప్రోగ్రాం ఆపేయమంటారా అంది. ఎన్ని రోజులు మిగిలాయి అన్నాను. తొమ్మిది అంది. ఉండనివ్వు అన్నాను. సగంలో పని వదలడం నాకు చేతకాదు.


జూన్ 20, శుక్రవారం

చెల్లిని ఇంటికి పంపారు. కుర్చీలో కూర్చోబెట్టి పైకి తెచ్చాం. ఆయన ఒక పక్క, మా అమ్మాయి ఒక పక్క. నా బరువు ఎంతో చెప్పకండి, మీ లారీల కాటాకి నేను లెక్కలోకే రాను అంది ఆయనతో. మెట్ల మీద ముగ్గురూ నవ్వారు. నేను వెనకాల మందుల సంచితో ఉన్నాను.


జూన్ 24, మంగళవారం

పనులు: బట్టలు ఒక బకెట్టు. చెల్లికి ఒళ్లు తుడవడం. కూర రెండు రకాలు. గిన్నెలు తోమడం.

69.0.

ఫోన్లో రంగురంగుల కాగితం ముక్కలు పైనుంచి కిందకి రాలాయి. మీరు గమ్యం చేరుకున్నారు అని వచ్చింది. ఈ విజయాన్ని ఎవరితో పంచుకుంటారు అని అడిగింది. కింద మా ఇంటివాళ్ల ఫోటోలు వరసగా చూపించింది. మొదటిది చెల్లిది.

వెనక్కి పోయే బాణం నొక్కాను.


జూన్ 26, గురువారం

ప్రోగ్రాం అయిపోయింది. బ్యాండ్ డబ్బాలో పెట్టి హాస్పిటల్‌కి తిరిగి ఇచ్చేశాను. రశీదు తీసుకున్నాను.

ఇంకో లెక్క వేశాను. వేయకుండా ఉండాల్సింది. మార్చి 25 నుంచి జూన్ 24కి పదమూడు వారాలు, పది కిలోలు. అదే వేగంతో జనవరి 9 నుంచి తగ్గి ఉంటే 69కి ఏ రోజు చేరేదాన్ని? మే 2.

మే 3న చెల్లి అంకె 34.

మధ్యాహ్నం అది మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. గిన్నెలు, సింకు, 610, మే 2. అంకెలు వదలకుండా చెప్పాను. అది కళ్లు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

నేను మిగిల్చినవన్నీ నువ్వే తిన్నావా అంది. అవును అన్నాను. ఉప్పు లేని కూర కూడానా అంది. అవునే అన్నాను. ఛీ, అది మనుషులు తినేదేనా అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది. వీపు నిమిరాను.

నేను తినలేక వదిలిందాన్ని నువ్వు తింటూ కూర్చున్నావు, ఇందులో తప్పు ఎవరి పద్దులో రాస్తావు అక్కా అంది. సాయంత్రం చెబుతానన్నాను. సాయంత్రం అది అడగలేదు.

తర్వాత నన్ను పిలిచి, అన్నం తెచ్చుకుని తన ముందు కూర్చుని తినమంది. తూచకుండా. పెట్టుకున్నాను. నాలుగు ముద్దలు తిన్నాక దిగలేదు. కంచం పక్కన పెట్టాను. ఇప్పుడు అది ఎవరు తినాలి అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.


జూన్ 30, సోమవారం, ఉదయం 7:00

ఏమీ లేదు.


జూలై 1, మంగళవారం

పనులు రాయలేదు.

ముప్పై ఒకటో పుస్తకం నిండింది. బాకీలు కొత్త పుస్తకంలోకి ఎత్తుకుందామని ఇవ్వాల్సినవి పేజీ తీశాను. మొదటి వరసలో గుడి మీద అడ్డంగా ఒక గీత, పక్కన ఒక కొమ్ము. నీలం సుద్ద. గీత వంకరగా పోయింది, చేతిలో బలం లేదు.

ముందు గదిలోకి చూశాను. అటు తిరిగి పడుకుని ఉంది. వేళ్లకి ఇంకా నీలం ఉంది.

రాసింది చెరపకూడదు. కానీ సుద్ద దానంతటదే రాలిపోతుంది. పెన్ను తీసి దాని గీత మీదే దిద్దాను, వంకర వంకరలాగే.

చెల్లు — రక్తం ఒక సీసా.

కొత్త పుస్తకంలోకి ఎత్తలేదు.